ఆరు ఋతువుల కారు

ఇటుకల మీద ఇల్లు నిలబెడితే ఇంటిపన్ను వేస్తాం. ఇటుకల మీద కారు నిలబెడితే ఏ పన్ను వెయ్యాలి? ఈ మీమాంస మా శొంఠిపాలెం పురపాలక సంఘానికి తప్ప దేశంలో మరే ఆఫీసుకీ వచ్చి ఉండదు. అందుకు మేమందరం గర్వపడ్డాం. గర్వపడడానికి మాకు వేరే కారణం దొరక్క చాలాకాలమైంది మరి.

అసలు ఆ కారు ఇటుకలెక్కిన వైనం ముందు చెప్పాలి.

మా చైర్మన్ బొండాడ నూకరాజు గారు ఓ పెళ్లికి వెళ్లి, అక్కడ స్థలాల వ్యాపారి ఒకాయన కారు చూశారు. కారు చూశారనడం కూడా తప్పే, చక్రాలు చూశారు. వెండి కంచాల్లా తళతళలాడుతున్న పద్దెనిమిది అంగుళాల అలాయ్ వీల్సు. వాటి పైన ఎక్కడో కారు కూడా ఉందట, గుర్రం మీద పెళ్లికొడుకులాగా. ఆ క్షణం నుంచి మా చైర్మన్ గారికి రిమ్ముల రిమ్మ పట్టుకుంది.

"సూపర్నెంటు గారూ," అన్నారు మర్నాడు ఆఫీసుకి వస్తూనే, నన్ను. "మన కారు చక్రాలు చూత్తే సిగ్గేత్తందండీ. బఠాణీల బండి చక్రాలు నయం. పెద్దవి ఏయించండి. ఊరికి అందం."

ఊరికి అందం! ఆ ఒక్క ముక్కతో కొంప మునిగింది. అప్పుడు మార్చి నెలాఖరు. పట్టణ సుందరీకరణ పద్దు కింద నిధులు మిగిలిపోయి, నెల దాటితే వెనక్కి పోతాయని మా కమిషనర్ విజయసారథి గారు అన్నం సహించక తిరుగుతున్నారు. పేరుకి సారథి గాని ఆయనకి సైకిల్ తొక్కడం కూడా రాదు. అయితే ఫైలు తొక్కిపట్టడంలో ఆయన్ని మించినవారు లేరు. మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఆయన నోట 'వలెను' లేకుండా వాక్యం పూర్తి కాదు.

"రిమ్ము మెరయును. కనుక అది సుందరీకరణ కిందకి వచ్చును," అని తీర్పు చెప్పారు. "టైరు మెరవదు. కనుక అది మరమ్మతుల కిందకి వచ్చును. మరమ్మతుల పద్దులో నిధులు నిల్ కనుక, ప్రస్తుతానికి రిమ్ములు మాత్రమే కొనవలెను."

కొన్నాం. కొత్త సరుకు లోపలికి రావాలంటే పాత సరుకు బయటికి పోవాలన్నది మా స్టోర్సు నియమం. అందుకని పాత చక్రాల్ని, వాటికున్న నిక్షేపంలాంటి టైర్లతో సహా, ఆ సాయంత్రమే వేలం వేసేశాం. వీల్సు వచ్చాయి, వీలు పోయింది. కారుని ఆఫీసు ఆవరణలో నాలుగు దొంతరల ఇటుకల మీద ఎక్కించి, కొత్త రిమ్ములకి పసుపూ కుంకుమా పెట్టి బీరువాలో పెట్టాం.

ఈ వ్యవహారంలో నవ్వు రానివాడు ఒక్కడే, డ్రైవరు పోసిబాబు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద ఆ కారు నడుపుతున్నాడు. ఇటుకలెక్కినా సరే రోజూ పొద్దున్నే వచ్చి కారు తుడిచేవాడు, సీట్లో కూర్చుని ఇంజను స్టార్టు చేసేవాడు, ఒక్కసారి గట్టిగా హారన్ కొట్టి దిగేవాడు.

"ఎవరు అడ్డొచ్చారోయ్, హారన్ కొడుతున్నావు?" అన్నాను ఒకరోజు.

"బండి బతికుందని ఆఫీసోళ్లకి తెలవాలి కదండీ," అన్నాడు. "అది పోతే నేనూ పోయినట్టే కదండీ మరి."

ఊరికే అన్నమాట కాదు. అంతకు వారం ముందే జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. దసరా వెళ్లాక తనిఖీ జరుగుతుంది; ఆనాటికి రోడ్డు మీద నడవని బండికి డ్రైవరు పోస్టు రద్దు. ఆ తర్వాత కూడా, ఏ కారణం చేతనైనా సరే, చక్రాలు విప్పి బండిని పక్కన పెట్టిన రోజే డ్రైవరుని కూడా పక్కన పెట్టాలి. చక్రం ఊడితే ఉద్యోగం ఊడుతుందన్నమాట. పోసిబాబుకి ఇంకో పని రాదు. వాళ్లావిడ ఇడ్లీ బండి నడుపుతుంది గాని, ఆ బండికి డ్రైవరు అక్కర్లేదు.

అదే వారంలో పట్టణ ప్రణాళిక విభాగంవారు కారు అద్దానికి నోటీసు అంటించారు. 'అనుమతి లేని కట్టడం. పునాది ఇటుక. పైకప్పు రేకు. తలుపులు నాలుగు, గాలీ వెలుతురూ ధారాళం. వారం రోజుల్లో యజమాని హాజరు కాని యెడల కూల్చివేయబడును.'

పోసిబాబు పరిగెత్తుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చాడు.

"బండిని కూల్చేత్తారంటండీ! కూల్చడానికి అదేమైనా పాకా అండీ?"

"కంగారు పడకు. యజమాని ఎవరో తేలాలిగా ముందు."

"మునిసిపాలిటీయే కదండీ?"

"నోటీసిచ్చిందీ మునిసిపాలిటీయే. తనకి తాను హాజరవడానికి దానికి ఎన్నాళ్లు పడుతుందో నీకు తెలీదు."

కమిషనర్ గారు మాత్రం విషయాన్ని తీవ్రంగా తీసుకున్నారు. "కట్టడము కాదని రుజువు చేయవలెనన్న, అది కదలవలెను. కదలవలెనన్న టైర్లు వలెను," అన్నారు. వలెను మీద వలెను వేసేసరికి టైర్ల ఎంపిక కమిటీ పుట్టింది. కమిషనర్ గారు అధ్యక్షులు, మునిసిపల్ ఇంజనీరు తాళ్లూరి శేషసాయి గారు సాంకేతిక సభ్యులు, రాసుకునేవాణ్ణి నేను.

మొదటి సమావేశానికి బస్టాండు దగ్గర టైర్ల కొట్టు మస్తాన్‌ని పిలిచాం. అతని మాటలకి బ్రేకులుండవు.

"పద్దెనిమిది రిమ్ముకి బెస్టు సరుకు చెప్తా వినండి సార్. ఆల్ సీజన్ పెర్ఫార్మెన్సు టైరు. ఎండైనా వానైనా ఒకటే పట్టు. రోడ్డుని పట్టుకుందంటే వదలదు."

"అదే భయం," అన్నారు ఇంజనీరు గారు. ఊళ్లో రోడ్లన్నీ ఆయన వేయించినవే. "మన రోడ్డుని అంత గట్టిగా పట్టుకుంటే టైరుతో పాటు రోడ్డు కూడా లేచొస్తుందయ్యా."

ధర విన్నాక కమిషనర్ గారు నీళ్లు తాగారు. తాగి, నియమం చదివారు. "టైరు చవకది కావలెను. సర్వకాలములందును పనిచేయవలెను. సామర్థ్యము కలది కావలెను."

"మూడూ ఒకేదాంట్లో అంటే కష్టం సార్," అన్నాడు మస్తాన్. "చక్రం పెద్దదయ్యేకొద్దీ టైరు రేటు పెద్దదవుద్ది. పోనీ రిమ్ము ఓ రెండంగుళాలు తగ్గించండి. మధ్యరకం కంపెనీది మంచి సరుకు, మీ డబ్బులో వచ్చేస్తుంది."

"రిమ్ము సుందరీకరణ," అన్నారు కమిషనర్ గారు. "పట్టణ సౌందర్యమును రెండంగుళములు తగ్గించు అధికారము ఈ కమిటీకి లేదు. అదియునుగాక, సర్వకాలములందును ఒకే తీరుగా పనిచేయునది ఈ కార్యాలయమున ఇంతవరకు కనబడలేదు. టైరు మాత్రము ఎట్లు పనిచేయును?"

మస్తాన్ నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను. అది కూడా పనిచెయ్యడం లేదు.

ఆ తర్వాత కమిటీ చాలాసార్లు కూర్చుంది. టైరు అరగలేదు గాని, పకోడీలు అరిగాయి. దసరా దగ్గర పడుతోంది. పోసిబాబు గుమ్మం దగ్గర నిలబడి, లోపల మాటలు వినబడినప్పుడల్లా దణ్ణం పెట్టేవాడు, ఎవరికో తెలీదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఇంజనీరు గారు హఠాత్తుగా పకోడీ పళ్లెంలో పెట్టేశారు.

"సార్. ఆల్ సీజనన్నది ఒక్క టైరులోనే ఎందుకుండాలి? మొత్తం కారులో ఉంటే చాలదా?"

కమిషనర్ గారు కూడా పకోడీ పళ్లెం పక్కకి జరిపారు.

"ఒక్క కాలానికి మాత్రమే పనికొచ్చే టైరు చవగ్గా దొరుకుతుంది. ఒక్కో చక్రానికి ఒక్కో కాలం టైరు వేద్దాం. అన్నీ కలిపితే కారు సర్వకాల కారు!"

"బాగున్నది. కాని మనకు ఋతువులు ఆరు కదా? చక్రములు నాలుగే."

"స్టెప్నీతో ఐదు సార్."

"ఆరవది?"

ఇంజనీరు గారు చిన్నగా నవ్వారు. "స్టీరింగ్ కూడా చక్రమే కదండీ."

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. జాతీయగీతానికి తప్ప ఆయన లేవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఇక పనులు చకచకా సాగాయి. వసంత ఋతువుకి, ఒక పాత టైరు తెప్పించి దానికి దళసరిగా కొత్త బటన్, అంటే పైన గాళ్ల రబ్బరు, వేయించాం. ఎండిన కొమ్మ చిగురించడమంటే అదే కదా. దాన్ని ముందు ఎడమ చక్రానికి తొడిగాం. గ్రీష్మానికి ముందు కుడివైపు, బటన్ పూర్తిగా అరిగిపోయి నున్నగా ఉన్న టైరు. ఎండలో జారేదేముంది, పట్టుకునేదేముంది? వర్షానికి వెనక ఎడమవైపు, వేలు పడితే మళ్లీ దొరకనంత లోతు గాడులున్న ఎత్తైన టైరు. శిశిరానికి వెనక కుడివైపు, ఆకులు రాల్చినట్టు రబ్బరు పెచ్చులు రాలుస్తున్న టైరు. శరత్తు స్టెప్నీ అయి డిక్కీలో పడుకుంది. హేమంతం వంతు స్టీరింగుది కాబట్టి, స్టోర్సులో ఉన్న ఉన్ని కంబళి కత్తిరించి దానికి తొడుగు కుట్టించాం. అది తొడిగాక స్టీరింగు చలికాలంలో మంకీ టోపీ పెట్టుకున్న తాతగారిలా ఉంది.

పోసిబాబు నాలుగు చక్రాల చుట్టూ తిరిగి ఇంజనీరు గారి దగ్గరికొచ్చాడు.

"అయ్యగారూ, ఇలా నాలుగూ నాలుగు రకాలైతే ఎలాగండీ? వానొచ్చిందనుకోండి."

"వర్షం టైరు చూసుకుంటుంది."

"మరి మిగతా మూడూనండీ?"

"అవి సెలవులో ఉన్నాయనుకో. మన ఆఫీసులో నలుగురిలో ఒకడే కదా పనిచేసేది? ఆఫీసు నడవటంలేదూ?"

పోసిబాబు ఆఫీసు గుమ్మం వంక ఓసారి చూసి, "నడుత్తుందండీ, ఆయ్," అన్నాడు. ఆఫీసు నడిచే తీరు పదకొండేళ్లుగా చూస్తున్నవాడు, కాదని ఎలా అంటాడు?

ఆయుధపూజ నాడు ఇటుకలు తీసేసి కారుని నేల మీదికి దించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, దండ వేశాం, హారతి ఇచ్చాం. కారు మాత్రం పక్కింటి గుట్టు వినడానికి గోడకి చెవి ఆనించిన మనిషిలా కుడివైపుకి ఒరిగి నిలబడింది. ఎడమ టైర్లు రెండూ ఎత్తు, కుడివి రెండూ పొట్టి. ఇంజనీరు గారు దాన్ని చూసి, "వినయం," అన్నారు.

తనిఖీ రోజు వచ్చింది. జిల్లా నుంచి పద్మలోచన గారనే అధికారిణి వచ్చి గడియారస్తంభం సెంటర్లో గొడుగు కింద కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను. ఆఫీసు గేటు నుంచి సెంటరుకి రోడ్డు తిన్నగా వచ్చి, కుడివైపుకి స్తంభం చుట్టూ తిరుగుతుంది. చైర్మన్ గారు మెళ్లో దండతో వెనక సీట్లో కూర్చున్నారు. పోసిబాబు హారన్ కొట్టాడు. కారు కదిలింది! మేమంతా చప్పట్లు కొట్టాం.

కారు సెంటరుకి వచ్చింది. స్తంభం చుట్టూ కుడివైపుకి వయ్యారంగా తిరిగింది. ఎడమవైపు బజారు వీధిలోకి మళ్లాల్సిన చోట మళ్లలేదు. ఇంకో చుట్టు తిరిగింది. మళ్లీ మళ్లలేదు.

పొట్టి టైర్లవైపుకి బండి తనంతట తానే లాగేస్తోంది. పోనీ పోసిబాబు బలవంతాన ఎడమకి తిప్పితే, ఆ పెద్ద రిమ్ము మీద ఎత్తు టైరు వెళ్లి మడ్‌గార్డుని గర్రుమని కొరుకుతోంది. అసలే ఉన్ని తొడుగు చేతిలో జారుతోంది. సెంటర్లోకి రావడానికి దారుంది, పోవడానికి లేదు.

కారు మా ముందు నుంచి వెళ్లినప్పుడల్లా లోపలి సంభాషణ కొంచెం కొంచెంగా వినబడుతోంది.

"ఏరా పోసిబాబూ, ఎన్ని సుట్లురా? గుళ్లో మొక్కేమైనా ఉందా నీకు?"

తర్వాతి చుట్టులో: "ఎడం పక్కకి రానంటందండీ!"

ఆ తర్వాతి చుట్టులో: "లాగరా!"

"లాగితే కరుత్తుందండీ!"

జనం పోగయ్యారు. చైర్మన్ గారు సెంటర్లో రోడ్డు గుంతలు స్వయంగా లెక్కపెడుతున్నారని కిళ్లీకొట్టు అతను పక్కవాళ్లకి చెప్పాడు. ఆయన అనుచరులు నలుగురైదుగురు మోటారుసైకిళ్లు తీసి, కారణం అడక్కుండా వెనకే తిరుగుతూ జేజేలు కొట్టారు. పూలమ్మే ఆవిడ చుట్టుకో గుప్పెడు బంతిరెక్కలు చల్లింది. ప్రతిపక్ష కౌన్సిలరు ఒకాయన నడిరోడ్డు మీదకొచ్చి, "ఒక్క సెంటరుకే ఇన్నిసార్లా? మా వార్డుకి ఒక్కసారైనా వచ్చాడా ఈయన?" అని బైఠాయించబోయాడు. బండి ఆ పక్కనుంచే వస్తోందని చూసి లేచిపోయాడు.

పద్మలోచన గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఇది రోజూ ఇలాగే నడుస్తుందా?"

"ఇలాగేనండి. ఆఫీసంతా ఇలాగేనండి," అన్నాను.

"ఎక్కడికి వెళుతుందని ఉత్తర్వులో అడగలేదు. కదులుతోందా లేదా అనే అడిగారు," అని ఆవిడ సంతకం పెట్టేశారు. గొడుగు ముడిచేశారు.

కారు ఆగింది. పోసిబాబు దిగి రోడ్డుకి దణ్ణం పెట్టాడు. చైర్మన్ గారు దిగి స్తంభాన్ని పట్టుకుని కాసేపు నిలబడ్డారు. కళ్లు తిరగడం ఆగాక ఆయన అన్న మొదటి మాట, "రేపే మార్పించెయ్యండి ఈ దరిద్రాన్ని."

కాని మార్పించడం అంత తేలికా? కమిషనర్ గారు అప్పటికే ఒక్కో టైరుకి పనితీరు నివేదిక తెరిచేశారు. "శరత్తులో వసంతము యొక్క పనితీరును ఎట్లు అంచనా వేయగలము? దాని కాలము రావలెను కదా," అన్నారు. ఇంకో టైరు పద్దు తెరవాలంటే, కొత్త ఏడాది మరమ్మతులకి వచ్చిన కాసిని నిధులూ ఈ టైర్లతోనే నిల్. చైర్మన్ గారు ఆటోలో ఇంటికి పోయారు.

ఆనాటి నుంచీ కారు గడియారస్తంభం దగ్గరే కాపురం పెట్టింది. రాత్రిళ్లు స్తంభం పక్కనే టార్పాలిన్ కప్పుకుని నిద్రపోతుంది, పొద్దున్నే లేచి తిరుగుతుంది. ఆఫీసువాళ్లు దానికి త్వరగానే అలవాటు పడ్డారు. బ్యాంకు, పోస్టాఫీసు, మందుల షాపు ఆ సెంటర్లోనే ఉన్నాయి కాబట్టి, ఆఫీసు పనులన్నీ ఆ మూడింటికే కుదించుకున్నాం. పోస్టాఫీసు ముందు ఎక్కి బ్యాంకు ముందు దిగేవాళ్లు. వెనక్కి రావాలంటే స్తంభం చుట్టి రావాలి, అందులో ఎవరికీ తొందర లేదు. ఊరివాళ్లు పోసిబాబుకి 'మూడో ముల్లు' అని పేరు పెట్టారు. స్తంభం మీది గడియారం ఎప్పుడో ఆగిపోయింది గాని, కింద ముల్లు మాత్రం తిరుగుతూనే ఉంది. వాళ్లావిడ ఇడ్లీ బండి కూడా అక్కడికే మార్చింది. మొగుడు చుట్టు తిరిగొచ్చేలోగా ఇడ్లీ ఉడుకుతుందని నవ్వేది.

జనవరి నెలాఖరున నేను రిటైరయ్యాను. బండికేమో కొత్త టైర్లు వెయ్యాలి, నాకేమో టైర్లు ఊడే వేళ. మా ఆఫీసులో ఓ ఆనవాయితీ ఉంది. రిటైరైనవారిని దండ వేసి, ఆఫీసు కారులో కూర్చోబెట్టి ఇంటి గుమ్మం ముందు దింపాలి. అటెండర్లని కూడా అలాగే దింపాం.

"సూపర్నెంటు గార్ని ఇంటికాడ దింపకపోతే పరువేం మిగుల్తుందండీ?" అని చైర్మన్ గారు ఉడికిపోయారు. సొంత ఖర్చుతో మస్తాన్ దగ్గర నాలుగు ఒకే రకం టైర్లు తెప్పించి, సెంటర్లో దింపారు. చక్కటి టైర్లు. నల్లగా, గుండ్రంగా, ఒకే ఎత్తున. విరాళం కాబట్టి పద్దు అక్కర్లేదు. పాత టైర్లు విప్పవచ్చునని స్టోర్సు బాధ్యుడిగా నేనొక్క ముక్క రాస్తే చాలు. నా సర్వీసులో అదే ఆఖరి ఫైలు.

మధ్యాహ్నం పోసిబాబు వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రావోయ్. ఇక నుంచి బండి తిన్నగా పోతుంది, సంతోషమేగా?"

"సంతోసమేనండీ." కండువా నలుపుతున్నాడు. "టైర్లు మార్చాలంటే చక్రాలు విప్పాలి కదండీ?"

"విప్పాలి."

"కొత్తవి తొడగడానికి మళ్లీ కమిటీ కూర్చోవాలంట కదండీ? ఇంజనీరు గారు సెప్పారు. అందాకా బండి ఇటుకలెక్కుద్దంటండీ."

ఆ ఉత్తర్వు సంగతి నాకూ తెలుసు. చక్రాలు విప్పిన రోజే పోస్టు రద్దు. మళ్లీ తొడిగిన రోజు పోస్టు తిరిగి వస్తుందని మాత్రం అందులో ఎక్కడా లేదు.

"తిన్నగా పోయే బండిలో నేనుండను కదండీ," అన్నాడు. "తిరిగే బండైతే ఉంటాను. నాకు ఈ బండే సాలండి బాబూ."

బయట మా ఆవిడ పట్టుచీరలో వచ్చి కూర్చుంది. చైర్మన్ గారు వచ్చి కూర్చున్నారు. మస్తాన్ జాకీతో సహా వచ్చాడు. నేను కలం మూత తీశాను. ముప్పై నాలుగేళ్లు ఆ ఆఫీసులో నేర్చుకున్నదంతా కూడగట్టుకుని రాశాను:

'శిశిర ఋతువు ఇంకను ప్రవేశింపలేదు. తదుపరి వసంత, గ్రీష్మ, వర్ష ఋతువులు కలవు. ఒక సంవత్సరపు ఋతువు వేరొక సంవత్సరపు ఋతువును పోలి ఉండదు కనుక, సగటు తెలియుటకు కొన్ని సంవత్సరములు పరీక్షింపవలెను. అంతవరకు చక్రములు విప్పరాదు. విరాళపు టైర్లను బీరువాలో భద్రపరచవలెను.'

కమిషనర్ గారు చదివారు. చదివి కళ్లు తుడుచుకున్నారు. "ఇన్నాళ్లకు మీ భాష కుదిరినది," అంటూ కింద సంతకం పెట్టారు. చైర్మన్ గారు మాత్రం, "మీ ఇంటికెల్లే దారి మీరే మూసుకున్నారు కదండీ!" అని నెత్తి కొట్టుకున్నారు.

సాయంత్రం సెంటర్లో కారు దగ్గర దండ వేశారు. మా ఆవిడా నేనూ వెనక సీట్లో కూర్చున్నాం. మా ఇల్లు బజారు వీధిలో, సెంటరుకి ఎడమవైపు. పోసిబాబు మెల్లగా కారు పోనిచ్చాడు.

"అదిగోనండీ మన వీధి!" అంది మా ఆవిడ.

వీధి వెళ్లిపోయింది.

"అయ్యో, అదిగో మళ్లీ మన వీధి!"

మళ్లీ వెళ్లిపోయింది. మూడోసారి ఆవిడ వీధి వంక చూడడం మానేసి నా వంక చూసింది. ఇడ్లీ బండి దగ్గర పోసిబాబు వాళ్లావిడ మాకు చెయ్యూపింది. ప్రతి చుట్టుకీ ఊపింది.

"ఎక్కడ దింపమంటారండీ?" అన్నాడు పోసిబాబు, అద్దంలోంచి నన్ను చూస్తూ.

"ఎక్కిన చోటే దింపు."

దిగాం. ముప్పై నాలుగేళ్ల సర్వీసు చేసి ఎక్కిన చోటే దిగడం మా ఆఫీసులో నాకు ముందు చాలామంది చేసిన పనే. దండ చేత్తో పట్టుకుని, మా ఆవిడ కొంగు వెనకే బజారు వీధిలోకి నడిచాను. నాలుగు అడుగులు వేశామో లేదో వెనక నుంచి హారన్ వినబడింది, గట్టిగా, ఒక్కసారి.

"ఎవరో అడ్డొచ్చినట్టున్నారు," అంది మా ఆవిడ.

"ఎవరూ రాలేదులే," అన్నాను. "బండి బతికే ఉందని చెబుతున్నాడు."